గులాబీ లైటా, తెల్ల లైటా: సంప్‌లో నాచు పెంచిన నాలుగు నెలల డైరీ

జనవరి 19, 2025, ఆదివారం

సంక్రాంతికి విజయనగరం వెళ్ళి ఐదు రోజులుండి వచ్చేసరికి ట్యాంకులో రాళ్ళ మీద పచ్చటి బొచ్చు మొలిచింది. చేపలకి మేత వేయమని పక్కింటి కుర్రాడికి తాళం ఇచ్చి వెళ్ళాను, వాడు ప్రేమకొద్దీ రోజుకి మూడుసార్లు వేశాడట. వాణ్ణి అనడానికీ లేదు, పండక్కి ముందే నైట్రేట్ 25 ఉంది, ఇవాళ టెస్టు ట్యూబులో రంగు చూస్తే 40 పిపిఎం (లీటరుకి 40 మిల్లీగ్రాములు) దగ్గర ఆగింది.

ట్యాంకు సంగతి ముందు చెప్పేస్తా. విశాఖలో మా ఫ్లాటు హాల్లో మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు, 180 లీటర్లు, రెండు క్లౌన్ చేపలు, మూడు డాంసెల్‌లు, ఒక గోబీ. పగడాలు లేవు, గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి కాబట్టి ఆ ఆశ ఎప్పుడో వదిలేశాను. కింద చెక్క క్యాబినెట్‌లో రెండడుగుల సంప్ ఉంది, అంటే పైట్యాంకు నీళ్ళు దిగి శుభ్రపడి మళ్ళీ పైకి వెళ్ళే తొట్టి, అందులో మూడు గదులు. మొదటిదాంట్లో మురికి పట్టే ఫిల్టర్ సాక్, నురగతో మురికి తీసే స్కిమ్మర్, చివరిదాంట్లో నీళ్ళు పైకి పంపే మోటారు, మధ్య గది రెండేళ్ళుగా ఖాళీ. 10 అంగుళాల పొడవు, 12 వెడల్పు, నీళ్ళు 9 అంగుళాల లోతు, లెక్కేస్తే పదిహేడు లీటర్లు చిల్లర.

ఆ మధ్య గదిని రెఫ్యూజియం, అంటే నాచు పెంచే గది, చేద్దామని ఇవాళ నిర్ణయం. చేప తిన్న మేత చివరికి నైట్రేట్, ఫాస్ఫేట్ అయి తీరుతుంది, వాటిని తిని ఏదో ఒక నాచు ఎలాగూ పెరుగుతుంది, అదేదో పైన చేపల మధ్య కాకుండా కింద సంప్‌లో పెరిగేలా చూసి, పెరిగినప్పుడల్లా పిడికెడు పీకి పారేస్తే దాంతోపాటు నైట్రేట్ కూడా బయటికి పోతుంది. ఇంతే దీని సూత్రం. చిక్కంతా లైటు దగ్గరే. తొమ్మిది వాట్ల బల్బు చాలని ఒకరు, 660 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవు) ఎరుపు లేకపోతే దండగని ఇంకొకరు, ఇరవై వేలు పెట్టి విదేశీ రెఫ్యూజియం లైటు కొనమని మరొకరు. నా బడ్జెట్ రెండు వేలు. ఎవరి మాటా వినకుండా నాచుని తూకం వేసి తేల్చుకోవాలని ఉంది. మా ఆవిడ కిచెన్ తూకం అడిగితే "ఉప్మా రవ్వ తూచే దాంట్లో నాచు తూస్తావా" అంది. ఇంకోటి కొనాలి.

జనవరి 26, ఆదివారం

సముద్రం పక్కన పెట్టుకుని నాచు కొనడమేంటని పొద్దున్నే తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఆటు మీద ఉంది కాబట్టి రాళ్ళు బాగా బయటపడ్డాయి. పల్చటి పచ్చ కాగితం నలిపి అతికించినట్టు ఉల్వా, అలలు నేరుగా కొట్టే అంచుల్లో పెయింటు బ్రష్‌ల్లాగా నిటారుగా నిలబడ్డ కుచ్చులు. ఆ కుచ్చులు కీటోమార్ఫా ఆంటెనీనా, విశాఖ తీరంలో అలలు విరిగే రాళ్ళ మీద ఎక్కడ చూసినా కనిపిస్తుంది. రెఫ్యూజియంలో అందరూ పెంచేది కూడా కీటోమార్ఫానే కదా, ఒకే కుటుంబం, పెరక్కపోతుందా అనుకుని రెండూ తలో గుప్పెడు తెచ్చాను. దాంతోపాటు తెలియకుండా వేలి గోరంత పీత ఒకటి వచ్చింది.

ఇంట్లో ఉన్న 9 వాట్ల ఎల్ఈడీ బల్బే క్లిప్ హోల్డరుకి పెట్టి సంప్ మీద వేలాడదీశాను.

ఫిబ్రవరి 6, గురువారం

రాళ్ళ నాచు కథ ముగిసింది. నాలుగో రోజుకి ఉల్వా అంచులు తెల్లబడి కరగడం మొదలైంది, కుచ్చులు పదో రోజుకి మొదళ్ళ దగ్గర తెగి జిగురై తేలాయి, క్యాబినెట్ తలుపు తీస్తే ఎండుచేపల బస్తా విప్పినట్టు వాసన. ఆలోచిస్తే తప్పు నాదే. క్షణం తీరిక లేకుండా అలల దెబ్బలు తింటూ, నడినెత్తిన ఎండ కాస్తుంటే బతికే మొక్కని తెచ్చి నిలవ నీళ్ళలో 9 వాట్ల బల్బు కింద పడేస్తే ఎలా బతుకుతుంది? పీత మాత్రం దర్జాగా ఉంది.

చెన్నైలో ఉప్పునీటి ట్యాంకులు పెట్టే ఒకాయన్ని అడిగితే ప్రైవేటు బస్సు పార్సిల్‌లో పావుకిలో కీటో, అంటే రెఫ్యూజియంలో పెంచే కీటోమార్ఫా, పంపారు, మద్దిలపాలెం దగ్గర దింపుకున్నాను. ఇది రాయికి అంటుకోని రకం, వదులుగా ఉండలా తేలుతూ పెరుగుతుంది. పచ్చటి నైలాన్ దారం చిక్కుపడినట్టుంటుంది, వేళ్ళ మధ్య నలిపితే కరకరలాడుతుంది. ఫోన్లో "కీటో వచ్చింది, తెచ్చుకోవాలి" అంటుంటే విని మా ఆవిడ నేను డైటింగ్ మొదలుపెట్టాననుకుంది.

ఆయన కాలెర్పా అనే ఇంకో నాచు కూడా ఇస్తానన్నారు, చవగ్గానే. వద్దన్నాను. చూడ్డానికి ఈత మట్టల్లా అందంగా ఉంటుంది, కీటో కంటే గట్టిది కూడా, కానీ ఆ మొక్క ఎంత పొడుగున్నా మొత్తం ఒకే ఒక్క కణం. దానికి బుద్ధి పుట్టిన రాత్రి లోపలున్నదంతా బీజకణాలుగా మార్చేసి నీళ్ళలోకి వదిలేస్తుంది, తెల్లారేసరికి మొక్క గాజు తొడుగులా, నీళ్ళు పచ్చటి మజ్జిగలా ఉంటాయి. తాగిన నైట్రేట్ అంతా మళ్ళీ నీళ్ళలోకే. పైగా అందులో ఒక రకం 1984లో మొనాకో దగ్గర మధ్యధరా సముద్రంలో కనబడి, తర్వాత ఆ తీరాల వెంట పరుచుకుపోయి అక్కడి వాళ్ళ చేత హంతక నాచు అనిపించుకుంది. నాకెందుకొచ్చిన గొడవ.

ఫిబ్రవరి 9, ఆదివారం

లెక్క ఇవాళ్టి నుంచి మొదలు. తూచే పద్ధతి రాసి పెట్టుకుంటున్నా, ప్రతిసారీ ఇలాగే చేయాలి: ఉండని చిల్లుల గిన్నెలో వేసి రెండు నిమిషాలు నీరు కారనివ్వడం, పాత తువ్వాలులో చుట్టి రెండుసార్లు నొక్కడం, తూచడం, సరిగ్గా 100 గ్రాములు వెనక్కి వేయడం. నొక్కేది ఎప్పుడూ రెండుసార్లే. ఒకసారి ఎక్కువ నొక్కితే ఎనిమిది గ్రాములు తేడా వచ్చింది.

మొదటి లైటు అదే 9 వాట్ల బల్బు, 6500 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) తెలుపు, నీటికి 20 సెంటీమీటర్ల పైన. ఎల్ఈడీలు రాకముందు చాలామంది సంప్‌ల మీద వెలిగింది ఈ 6500 తెలుపు చుట్ట సీఎఫ్ఎల్‌లే, కాబట్టి రంగు గురించి బెంగ లేదు. ఫోన్లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ పెట్టి నీటిమట్టం దగ్గర చూస్తే 3,000 చుట్టూ ఆడుతోంది. మొక్కలకి కావలసింది లక్స్ కాదు, పార్ అనే లెక్క, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని ఫోటాన్లు పడుతున్నాయో ఆ సంఖ్య. పార్ మీటర్ ధర నా ట్యాంకు ధర కంటే ఎక్కువ. తెల్ల ఎల్ఈడీకి మాత్రం ఒక చిట్కా ఉంది, లక్స్‌ని 65, 70 మధ్య ఏదో ఒకదానితో భాగిస్తే ఉజ్జాయింపు పార్ వస్తుంది. ఆ లెక్కన ఇప్పుడు 45.

టైమరు రాత్రి 9 నుంచి పొద్దున 7 వరకు పెట్టాను. పైన లైటు ఆరినప్పుడు కింద వెలగాలని. చీకట్లో ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదలడం చేపలతో పాటు నాచు కూడా చేసే పనే కదా, దాంతో నీళ్ళు ఆమ్లం వైపు మొగ్గి తెల్లవారుజామున పిహెచ్ పడిపోతుంది. మా ట్యాంకులో పొద్దున ఆరింటికి 7.8 ఉంటోంది. కింద నాచు ఆ సమయంలో వెలుతురులో ఉంటే ఆ కార్బన్ డయాక్సైడ్‌ని అది తాగుతుంది.

నైట్రేట్: 25. రెండు ఆదివారాలు నీళ్ళు మార్చిన ఫలితం.

ఫిబ్రవరి 23, ఆదివారం

118 గ్రాములు. రెండు వారాలకి 18 గ్రాములు పెరిగింది. నైట్రేట్ 25 నుంచి కదల్లేదు.

కాగితం మీద లెక్కేశాను. తడి నాచులో తొంభై పాళ్ళు నీళ్ళు అనుకుంటే 100 గ్రాముల ఉండలో ఎండు సరుకు పది గ్రాములు, అందులో నత్రజని మూడు శాతం అనుకుంటే 0.3 గ్రాములు, నైట్రేట్‌గా మారిస్తే 4.43 రెట్లు, అంటే 1.3 గ్రాములు. సంప్‌తో కలిపి నీళ్ళు రమారమి 200 లీటర్లు కాబట్టి వంద గ్రాములు పీకి పారేస్తే ఆరేడు పిపిఎం పోయినట్టు. పద్దెనిమిది గ్రాములకి ఒక పిపిఎం పైచిలుకు. నేను రోజూ వేసే మేత దీన్ని మింగేస్తోంది. బల్బు నాచుని బతికిస్తోంది కానీ నాకు పనికొచ్చేంత పెంచడం లేదు.

డాబాగార్డెన్స్‌లో ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళి 30 వాట్ల ఫ్లడ్ లైటు తెచ్చాను, పెళ్ళి షామియానాల్లో కట్టే రకం, అదీ 6500 తెలుపే, వాన నీళ్ళకి తట్టుకునే ఐపీ65 బాడీ. షాపాయన "ఏ గోడకి సార్?" అంటే "గోడకి కాదండీ, నాచుకి" అన్నాను. ఇంకేమీ అడగలేదు పాపం.

25 సెంటీమీటర్ల ఎత్తులో బిగించాను. లక్స్ 15,000. అంటే పార్ 225 దాకా. వాట్లు మూడు రెట్లే పెరిగినా వెలుతురు ఐదు రెట్లయింది, బల్బు కాంతిలో సగం క్యాబినెట్ గోడలకే పోయేది, ఇది మొత్తం కిందికే కొడుతుంది.

ఈ పనిలో రెండు సంగతులు. ఒకటి, గది చుట్టూ వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటిద్దామనుకున్నా, ఉప్పు తగిలితే అది తినేసుకుపోతుందని తట్టి మానేసి తెల్ల సన్ బోర్డు ముక్కలు కోసి అద్దానికి బయటి నుంచి పెట్టాను. మోటారు గది వైపు మాత్రం నల్లది, లేకపోతే లైటు అటు కారి మోటారు మీద కూడా నాచు పడుతుంది. రెండోది, వైరు. లైటు నుంచి వచ్చే వైరు ప్లగ్గు కంటే కిందికి యూ ఆకారంలో వేలాడి మళ్ళీ పైకి వెళ్ళాలి, వైరు వెంట జారిన ఉప్పు నీటి బొట్టు ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, ప్లగ్గులోకి వెళ్ళదు. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా చాలామంది చేయరు.

మార్చి 9, ఆదివారం

172 గ్రాములు! టవల్ మళ్ళీ నొక్కి తూచాను, 170. నైట్రేట్ 20కి దిగింది. పొద్దున పిహెచ్ 8.0. పైన రాళ్ళ మీది బొచ్చు కూడా కాస్త పలచబడింది, లేదా నాకలా అనిపిస్తోంది.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ డైరీకి ఇంత పొడుగు వచ్చేది కాదు. ఎరుపు, నీలం కలిసిన "ఫుల్ స్పెక్ట్రమ్" గులాబీ లైటు కూడా చూసేయాలని దురద. రెండు వందలకి ఒక ఎల్ఈడీ చిప్ దొరికింది, డ్రైవరు (ఇంటి కరెంటుని ఎల్ఈడీకి తగ్గట్టు మార్చే పెట్టె) అక్కర్లేదు, నేరుగా 220 వోల్టులకి రెండు వైర్లు కలిపితే చాలన్నాడు అమ్మినాయన. పాత కంప్యూటర్‌లో వేడి లాగే లోహపు దిమ్మ, అదే హీట్ సింక్‌కి బిగించి సంప్ మీద వేలాడదీశాను. సాయంత్రం ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ నడుస్తోంది, రోహిత్ 76కి అవుటై ఇంట్లో అందరూ టెన్షన్‌లో ఉన్న టైములో టప్‌మని మొత్తం ఫ్లాట్‌కి కరెంటు పోయింది. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట ఆపేసే స్విచ్, పడింది. ఎత్తితే మళ్ళీ పడింది.

చిప్ విప్పి చూస్తే విషయం అర్థమైంది. అల్యూమినియం పలక మీద సన్నటి పూత, ఆ పూత మీదే ఇంటి కరెంటు పారే గీతలు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు లాంటి అడ్డు ఏదీ లేదు. కింద నుంచి లేచిన ఉప్పు నీటి తుంపర అంచున పేరుకుని తెల్లటి గీతలా హీట్ సింక్ దాకా దారి వేసింది. 30 మిల్లీఆంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ ఉంది కాబట్టి సరిపోయింది, అది లేని ఇంట్లో ఆ హీట్ సింక్ పట్టుకుని ఇంకో చెయ్యి నీళ్ళలో పెట్టి ఉంటే ఈ పేజీ రాసేవాణ్ణి కాదు. మిగతా ఎక్కడైనా చవక రకం వాడండి, నీళ్ళ మీద వేలాడే దానికి మాత్రం మూసిన బాడీ, వేరే డ్రైవరు, ఎర్త్ వైరు ఉన్నదే వాడండి. మ్యాచ్ గెలిచాం కాబట్టి ఇంట్లో తిట్లు కొద్దిలో పోయాయి.

మార్చి 12, బుధవారం

బుద్ధి రాలేదు, గులాబీ లైటే ఇంకోటి తెప్పించాను, ఈసారి మూసిన ఫ్లడ్ లైట్ రూపంలో ఉన్నది. పెట్టె మీద 50 వాట్లు అని ఉంది, ప్లగ్గు మీటర్ పెడితే 31 వాట్లే తీసుకుంటోంది. పోనీలే, తెల్లదానితో పోల్చడానికి సమ ఉజ్జీ దొరికినట్టే. అదే 25 సెంటీమీటర్ల ఎత్తు, అదే పది గంటలు, అదే 100 గ్రాములు.

వెలిగించి క్యాబినెట్‌లోకి తొంగిచూస్తే గుండె ఆగింది. నాచు నల్లగా ఉంది. మాడిపోయిన సేమియాలా. తీసి ట్యూబ్‌లైట్ కింద పెడితే పచ్చగా నవనవలాడుతోంది. గులాబీ వెలుతురులో ఆకుపచ్చ లేదు కదా, తిప్పికొట్టడానికి నాచు దగ్గర ఏమీ లేదు, అందుకే నలుపు. అర్థమైనా రోజూ చూసినప్పుడల్లా ఒకసారి గుండె జారుతూనే ఉంది. ఇది చిన్న విషయం కాదు, నాచు బాగుందో లేదో కంటితో పోల్చుకునే అవకాశం పోతుంది.

ఫోన్లో లక్స్ 4,000 కూడా చూపించడం లేదు. దీన్ని నమ్మకూడదు. లక్స్ అనేది మనిషి కంటి లెక్క, 555 నానోమీటర్ల ఆకుపచ్చకి మన కన్ను 100 మార్కులు వేస్తే 660 ఎరుపుకి ఆరు, 450 నీలానికి నాలుగు కూడా వేయదు. నాచు లెక్క తిరగేసి ఉంటుంది. 1880లలో ఎంగెల్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక ఆకుపచ్చ నాచు పోగు మీద పట్టకంతో విడదీసిన రంగులు పడేలా చేసి, నీళ్ళలో ఆక్సిజన్ వైపు పరిగెత్తే బ్యాక్టీరియా వదిలాడు. అవి పోగు పొడుగునా కాకుండా ఎరుపు పడ్డ చోట, నీలం పడ్డ చోట గుంపులు కట్టాయి. మీటర్లు లేని రోజుల్లో బ్యాక్టీరియానే మీటర్ చేసుకున్నాడు మహానుభావుడు. గులాబీ లైట్లు అమ్మేవాళ్ళు ఈనాటికీ ఆ రెండు గుంపుల మీదే బతుకుతున్నారు.

అయితే తెల్ల ఎల్ఈడీలో మాత్రం ఏముంటుంది? 450 చుట్టూ వెలిగే నీలం చిప్, దాని మీద పసుపు పూత. నీలం ఎలాగూ ఉంది, ఎరుపు కొంత ఉంది, మధ్యలో బోలెడు ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ కూడా పూర్తిగా వృథా అనుకోను, పై పోగులు ఎరుపు, నీలం తినేశాక ఉండ లోపలికి దిగేది అదే.

మార్చి 16, ఆదివారం

అత్తయ్యగారు వచ్చారు. రాత్రి మంచినీళ్ళకి లేచి హాల్లోకి వస్తే క్యాబినెట్ తలుపు సందుల్లోంచి గులాబీ వెలుగు నేల మీద చారలు చారలుగా. "ఏటి బాబూ ఇది, రికార్డింగ్ డాన్సు స్టేజీ నాగుంది" అన్నారు పొద్దున. కింద వాచ్‌మన్ కూడా అడిగాడట, మూడో అంతస్తులో ఏం నడుస్తోందని. తలుపు అంచులకి నల్ల ఫోమ్ టేపు వేశాను.

మార్చి 26, బుధవారం

181 గ్రాములు. తెల్లదానికి 172. వాట్లు ఇంచుమించు ఒకటే. ఈ తొమ్మిది గ్రాముల తేడా లైటుదని గుండె మీద చెయ్యేసి చెప్పలేను, ఈ రెండు వారాల్లో నీళ్ళ వేడి ఒక డిగ్రీ పెరిగింది, మధ్యలో ఒక రోజు చేపలకి మేత ఎక్కువ పడింది, టవల్ నొక్కుడు తేడా ఉండనే ఉంది. నైట్రేట్ 12.

మరి ఇంత బాగా పెరుగుతుంటే ఇంకా పెంచొచ్చు కదా అని లైటుని 12 సెంటీమీటర్లకి దించాను, టైము పదహారు గంటలు చేశాను. అత్యాశ అంటారు దీన్ని.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని సంప్ తెరిచాను. నాచు తెల్లబోయింది, దాన్ని చూసి నేనూ తెల్లబోయాను. ఉండ పైభాగంలో అరచేతి వెడల్పున పోగులు గాజు పీచులా పారదర్శకంగా, పట్టుకుంటే పెళుసుగా విరుగుతున్నాయి. తిప్పి చూస్తే అడుగున పసుపు, గోధుమ రంగు, మధ్యలో మాత్రమే పచ్చ. పైన వెలుతురు ఎక్కువై కాలింది, కింద వెలుతురే చేరక చచ్చింది, ఒకే ఉండలో రెండు చావులు.

దూరం సగం చేస్తే వెలుతురు రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. స్కూల్లో చదువుకున్నదే. నాచు ఒక స్థాయి దాకా వెలుతురు ఇచ్చిన కొద్దీ పెరుగుతుంది, ఆ పైన ఇచ్చింది తినలేక పచ్చదనమే పోగొట్టుకుంటుంది.

తెల్లబడ్డదంతా కత్తిరిస్తే 70 గ్రాములు మిగిలింది, బకెట్‌లో దాచిన దాంట్లోంచి 30 కలిపాను. లైటు మళ్ళీ 25 సెంటీమీటర్లకి, టైము పది గంటలకి. ఇంకో మార్పు, ఇది ముందే చేయాల్సింది: గది మూలన మూడు వాట్ల చిన్న పవర్‌హెడ్ (నీళ్ళని తోసే మోటారు) పెట్టి ఉండ నెమ్మదిగా దొర్లేలా చేశాను. ఇప్పుడు అన్ని వైపులా వంతులవారీగా పైకి వస్తున్నాయి. అట్టు తిప్పినట్టు.

ఏప్రిల్ 13, ఆదివారం

వేసింది 100, వచ్చింది 158. కాలిన దెబ్బ నుంచి తేరుకుంటున్నట్టుంది. నైట్రేట్ 2. పైన రాళ్ళ మీద బొచ్చు దాదాపు పోయింది, గోకితే చేతికి వచ్చేస్తోంది. మా ఆవిడ మొదటిసారి "ట్యాంకు బాగుంది" అంది, ఇది డైరీలో ఎక్కాల్సిన విషయం.

ఏప్రిల్ 27, ఆదివారం

94 గ్రాములు. తగ్గింది.

లైటు అదే, ఎత్తు అదే, దొర్లుడు బాగానే ఉంది, తెల్లబడలేదు, కానీ రంగు వెలిసి లేత పసుపుపచ్చ అయింది, కరకరలాడే గుణం పోయి మెత్తగా ఉంది. మొదట ఐరన్ తక్కువైందేమోనని సీసా కొనబోయాను. చెన్నై ఆయనకి ఫోన్ చేస్తే ఒక్కటే అడిగారు, "నైట్రేట్ ఎంత?" చూడలేదు. చూస్తే ట్యూబులో నీళ్ళు రంగే మారలేదు. సున్నా. ఫాస్ఫేట్ 0.03 ఉంది.

మూడు నెలలుగా నైట్రేట్ దించడానికి లైటు వెనక పడ్డవాణ్ణి, దిగాక ఏమవుతుందో ఆలోచించలేదు. కంచం ఖాళీ అయ్యాక దీపం ఎంత పెంచితే ఏం లాభం. పెద్ద నాచుల్లో ఒక పాలు ఫాస్ఫరస్‌కి ముప్ఫై పాళ్ళ నత్రజని ఉంటుందని అట్కిన్సన్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు 1983లోనే లెక్కగట్టారు, సూక్ష్మ నాచుల్లో అయితే పదహారే. అంటే మా ఉండకి ఫాస్ఫేట్ కంటే నైట్రేటే ముందు అయిపోతుంది. అదే జరిగింది. పైగా ట్యాంకులో ఇసుక మీద గోధుమ రంగు జిగురు తీగలు, వాటి చివర గాలి బుడగలు కనిపిస్తున్నాయి, నీళ్ళు మరీ శుభ్రమైతే వచ్చే రోగమే ఇదని అనుమానం.

లైటు ఆరు గంటలకి తగ్గించాను. చేపలకి రోజుకి ఒకసారి బదులు రెండుసార్లు మేత. పక్కింటి కుర్రాడికి తాళం ఇవ్వాల్సిన సమయం ఇదేనేమో.

మే 11, ఆదివారం

గులాబీ లైటు దించేశాను. తూకంలో పెద్ద తేడా లేనప్పుడు కంటికి కనపడే లైటే మేలు, ఏప్రిల్‌లో నాచు పాలిపోతున్న సంగతి వారం ముందే పసిగట్టేవాణ్ణి తెల్ల లైటు కింద. ఇప్పుడు 30 వాట్ల షామియానా లైటే, 25 సెంటీమీటర్లు, రాత్రి పది నుంచి ఏడు దాకా తొమ్మిది గంటలు. నెలకి ఎనిమిది యూనిట్ల చిల్లర. ఎర్ర నాచు, అంటే గ్రాసిలేరియా లాంటివి, పెంచాలనుకునేవాళ్ళ లెక్క వేరే, వాటిలో ఆకుపచ్చ కాంతిని పట్టే ఇంకో రంగు పదార్థం ఉంటుంది, వాళ్ళకైతే గులాబీ లైటు ఇంకా అనవసరం.

ఎండలు మాత్రం చంపుతున్నాయి. మధ్యాహ్నం నీళ్ళు 30.5 దాటుతున్నాయి, క్యాబినెట్ వెనక పలక కోసి కంప్యూటర్ ఫ్యాను బిగించాను, దాని గాలికి రోజుకి మూడు లీటర్లు ఆవిరవుతోంది, ఆ లోటు ఉప్పు లేని ఆర్వో నీళ్ళతోనే నింపాలి. లైటు రాత్రి వెలగడం ఇక్కడ కూడా కలిసొచ్చింది, పగటి వేడికి దాని వేడి తోడవడం లేదు. ఫ్లడ్ లైటు అద్దం మీద వారానికోసారి ఉప్పు పొర తుడవాలి, మొన్న తుడవక ముందు 11,000 లక్స్, తుడిచాక 14,500.

ఇవాళ్టి తూకం 139. నైట్రేట్ 5. ఇసుక మీద జిగురు తగ్గింది. రంగు మళ్ళీ ముదురు పచ్చ, నలిపితే కరకర. తీసిన 39 గ్రాములు మంచినీళ్ళలో నాలుగుసార్లు కడిగి కరివేపాకు కుండీలో వేశాను. వచ్చే వారం కాకినాడ నుంచి ఒక స్నేహితుడు వచ్చి పిలక తీసుకెళ్తానన్నాడు.

గులాబీ లైటు అట్టపెట్టెలో సర్దుతుంటే అత్తయ్యగారు చూసి అటక మీద పెట్టించారు. "పారీకండి బాబూ, చవితి పందిట్లో పనికొస్తాది."